మతి తప్పిననాడే పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు

పిల్లలు అమెరికాలోనో, హైదరాబాదులోనో స్థిరపడగా తల్లిదండ్రులు మాత్రమే మిగిలిన ఇళ్ళు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో అనేకం. అట్టి ఇళ్ళలో ఒక నమ్మకం బలంగా నాటుకొని ఉన్నది: "నాన్నగారు రిజిస్టరు పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చారు. ఆయన మంచాన పడినా ఇబ్బంది లేదు." పాఠకులారా, ఈ ధీమా ప్రమాదకరం.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, అధికారమిచ్చిన వ్యక్తి మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగుస్తుంది. రిజిస్టరు చేయించినా, "రద్దు చేయరానిది" అని రాయించుకున్నా ఫలితం ఒక్కటే. పత్రం పుచ్చుకున్నవారికి ఆ ఆస్తిలో సొంత హక్కు ఉంటే 202వ సెక్షను మినహాయింపునిస్తుంది. తండ్రి పొలం కౌలు వసూలు చేసి ఆయనకు మందులు కొనే కుమారునికి అది వర్తించదు.

ఇక్కడ వైద్యపరమైన భేదమొకటి గ్రహించాలి. పక్షవాతంతో చేయి పడిపోవడం వేరు, మతి పోవడం వేరు. మాట పడిపోయినా విషయం గ్రహించి, సైగతో సమ్మతి తెలుపగల రోగులున్నారు. వారి హక్కు ఎక్కడికీ పోలేదు. సంతకం చేయలేని ఖాతాదారు ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్రతో, అవసరమైతే కాలివేలి ముద్రతో డబ్బు తీసుకొనే వీలును రిజర్వు బ్యాంకే కల్పించింది. కానీ కోమాలో ఉన్న తండ్రి బొటనవేలికి సిరా పూసి కాగితంపై ఒత్తించడం మోసం. "స్పృహలోనే ఉన్నారని ఒక సర్టిఫికెట్ ఇవ్వండి డాక్టరుగారూ" అని అడగడమూ తప్పే, ఇవ్వడమూ తప్పే.

అయితే అసలు దోషం చట్టానిది. వాన పడగానే ముడుచుకుపోయే గొడుగు ఎవరికి కావాలి? 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి కొన్ని వైకల్యాలకే సంరక్షకుని నియమిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కింద నియమించే ప్రతినిధి చికిత్స వరకే, ఆస్తికి కాదు. ఇక మిగిలినది అమరావతిలోని హైకోర్టులో రిట్. కోమా రోగులకు సంరక్షకుని నియమించే చట్టమే లేదని గుర్తించి, కేరళ హైకోర్టు 2019లో స్వయంగా మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. ఐసీయూ బిల్లు మాత్రం కోర్టు తీర్పు కోసం ఆగదు.

పిల్లలు దుర్వినియోగం చేస్తారని కొందరి అభ్యంతరం. ఆ భయం నిజమే. అందుకే ఇంగ్లండు 2005లో, సింగపూరు 2008లో చేసిన చట్టాలు మతి పోయిన తరువాత కూడా చెల్లే అధికారపత్రాన్ని అనుమతిస్తూనే, దానిని ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయించి పర్యవేక్షణలో ఉంచాయి. మన పార్లమెంటు ఆ పని ఎందుకు చేయరాదు? మీ ఎంపీని అడగండి.

అంతవరకు, పెద్దల బుద్ధి చక్కగా పనిచేస్తున్నప్పుడే వారి సమ్మతితో, వైద్య ఖర్చులకు సరిపడే సొమ్మును "ఇద్దరిలో ఎవరైనా" తీసుకోగల ఉమ్మడి ఖాతాలో ఉంచండి. ఆ మాట రేపటికి వాయిదా వేయకండి.