కిరణం క్షణికం – ముద్ర చిరకాలం

చిత్తూరు, పలమనేరు ప్రాంతాల నుండి వైద్యానికై తిరుపతికో, సరిహద్దు దాటి వేలూరుకో వెళ్లే కుటుంబాలలో ఒక అలవాటు ప్రబలుతోంది. తలనొప్పి రెండు రోజులు తగ్గకపోతే చాలు, ‘స్కానింగ్ తీయించండి’ అని రోగులే వైద్యుణ్ణి తొందరపెడుతున్నారు. పాత ఫిల్ములు ఇంట్లో మరచి, ఆసుపత్రి మారినప్పుడల్లా అదే పరీక్ష మళ్లీ చేయించుకుంటున్నారు. ఖర్చు మాట అటుంచి, దేహం చెల్లించే మూల్యాన్ని తలచేవారు అరుదు.

ఎక్స్-కిరణాలు జన్యువులను మార్చగలవని 1927లోనే హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగలపై ప్రయోగాలతో నిరూపించి, 1946లో నోబెల్ బహుమతి పొందారు. దెబ్బతిన్న కణం మరమ్మతు చేసుకుంటుంది, లేదా నశిస్తుంది, లేదా ఆ మార్పుతోనే జీవిస్తుంది. అంతటితో సరి అని చాలాకాలం భావించారు. 1992లో బ్రిటన్ పరిశోధకులు ఆల్ఫా కిరణాలు సోకిన రక్త మూలకణాలను పరిశీలించగా వేరొక సత్యం బయటపడింది. బ్రతికి బయటపడిన కణం మామూలుగానే విభజన చెందింది. కాని ఎన్నో విభజనల తరువాత దాని సంతతిలో క్రోమోజోములు కొత్తగా చెదరసాగాయి. ఇదే జన్యు అస్థిరత. పిందెలో చేరిన టెంకపురుగు మామిడికాయను కోసినప్పుడు గాని బయటపడనట్లే ఇదీను. 1945 నాటి హిరోషిమా బాధితులలో రక్త క్యాన్సర్ కొన్నేళ్లకే పెరగగా, ఇతర క్యాన్సర్లు దశాబ్దాల తరువాత కూడా తలెత్తాయి. అయితే వారి సంతానంలో వంశపారంపర్య వ్యాధులు పెరిగిన దాఖలా స్పష్టంగా కనిపించలేదు.

ప్రకృతి నుండి మనకు ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టుల కిరణ ప్రభావం సోకుతుంది. ఛాతీ ఎక్స్-రేలో అది 0.1కి మించదు, ఉదరానికి తీసే సి.టి. స్కాన్‌లో సుమారు 8. ఒక్కసారితో కలిగే ముప్పు స్వల్పమే. అకారణంగా పదేపదే తీయించడం, అందులోనూ పసిపిల్లలకు, తగదు.

‘ఉసిరి, తులసి తింటే విరుగుడు కాదా?’ అని పాఠకులు అడగవచ్చు. ఎలుకలకు ముందుగా తులసి సారమిచ్చినప్పుడు కొంత రక్షణ కనిపించిన మాట నిజం. కాని చెదిరిన క్రోమోజోమును సరిదిద్దే కషాయమేదీ లేదు. ఉన్నదని చెప్పడం ఆయుర్వేదానికి గౌరవం కాదు. ఆ శాస్త్రం బోధించిన తొలి చికిత్స నిదాన పరివర్జనం, అనగా కారణాన్నే దూరం చేయడం.

అలాగని భయంతో అవసరమైన చికిత్సను మానరాదు. క్యాన్సర్‌కు కిరణ చికిత్స ప్రాణరక్షకం. ఆ రోజులలో వైద్యునికి చెప్పకుండా ఏ మూలికా వాడరాదు.

గృహస్థులు చేయవలసినవి మూడు. స్కానింగుల తేదీలు, ఫిల్ములు ఒకే సంచిలో భద్రపరచి వెంట తీసుకువెళ్లాలి. గర్భం దాల్చిన, లేదా ఆ అనుమానమున్న స్త్రీ ఆ సంగతిని ముందే చెప్పాలి. ‘ఇది తప్పనిసరా? అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ.లతో సరిపోదా?’ అని వినయంగా అడగాలి; ఆ రెండింటిలో ఇటువంటి కిరణాలు ఉండవు. అడగడానికి మొహమాటపడితే నష్టపోయేది మనమే.