టాపు మీద కాపురం

గుడారం సోకు చూసి కాదు, బండి నెత్తి ఎంత మోయగలదో చూసి కొనాలి

అశోకా రోడ్డుకూ వాహనాల నడినెత్తికీ పాత సంబంధమే ఉంది. 1990 సెప్టెంబర్ 25న ఎల్.కె. అద్వానీ ఒక టొయోటా వాహనాన్ని రథంగా మార్చుకుని సోమనాథ్ నుంచి బయల్దేరినప్పుడు ఆయన పార్టీ కేంద్ర కార్యాలయం ఈ రోడ్డులోని 11వ నెంబరు బంగళాలో ఉండేది. 2018లో అది దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌కు తరలింది. అలాంటి రథాల ఖర్చుకు లెక్క అడిగే ఎన్నికల సంఘం కొలువైన నిర్వాచన్ సదన్ కూడా ఈ రోడ్డులోనిదే. ఇక ఒకటో నెంబరులోని ఆంధ్రా భవన్‌కు వచ్చిపోయే తెలుగువారికి రథమంటే గుర్తుకొచ్చేది అంతకు ఎనిమిదేళ్లు ముందుది. 1982లో ఎన్టీ రామారావు ఒక పాత షెవర్లే వ్యానును తిరగ్గట్టించి దానికి చైతన్య రథమని పేరు పెట్టారు. కొడుకు హరికృష్ణ నడుపుతుంటే ఊరూరా తిరిగారు. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం. ఆ బండికి టాపు వేదిక, లోపలి భాగం పడకగది.

ఇప్పుడు ఆ వరుస తిరగబడింది. లోపల కూర్చుని వెళ్లి, టాపు మీద పడుకోవాలనుకునే వాళ్లు తయారయ్యారు. హైదరాబాద్, విజయవాడల నుంచి సొంత బండిలో హిమాచల్‌కో లద్దాఖ్‌కో బయల్దేరి, దారిలో పప్పూ గోంగూర కోసం అశోకా రోడ్డు వైపు మళ్లే కుర్రకారు మనసులో ఒక గుడారం ఉంటోంది. బండి నెత్తిన ఇనుప చట్రం, దాని మీద మడిచి పెట్టిన టెంటు. సాయంత్రం బండి ఆపి, తాళ్లు విప్పి, నిచ్చెన దించితే చాలు. పది నిమిషాల్లో మేడ మీద గది సిద్ధం. ఫొటోల్లో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. లక్ష దాటినా ఫర్వాలేదనిపిస్తుంది.

చిక్కంతా ఆ ముచ్చటతోనే. టాపు మీది గుడారాన్ని అందరూ ఇల్లనుకుని కొంటారు. నిజానికి అది ముందు బరువు, ఆ తర్వాతే ఇల్లు. లెక్క కట్టి చూడండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి సుమారు 1,600 కిలోమీటర్లు. అక్కడి నుంచి మనాలి మీదుగా లేహ్ చేరడానికి మరో వెయ్యి. రానూపోనూ ఐదు వేల పైచిలుకు. మధ్యలో హోటళ్లు దొరికే చోట్లు పోగా గుడారంలో పడుకునేది ఎనిమిది రాత్రులో పది రాత్రులో. ఆ పది రాత్రుల కోసం ఐదు వేల కిలోమీటర్లు దాన్ని నెత్తిన మోయాలి. కాబట్టి ఇది నిద్ర సంగతి కన్నా మోత సంగతి.

టాపు మీద మోత తెలుగువారికి కొత్తేమీ కాదు. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ మీద క్యారియర్ బిగించి, పరుపు చుట్టలూ ట్రంకు పెట్టెలూ కట్టి తిరుపతి వెళ్లిన కుటుంబాలు ఎన్నో. ఆ కారు టాపు అంచుల వెంట వాన నీరు జారే గాడి ఉండేది. క్యారియర్ కాళ్లు ఆ గాడిలో కూర్చునేవి. రేకు మందం, వేగం తక్కువ. ఇప్పటి బండ్ల కథ వేరు. చాలా వాటికి ఆ గాడి లేదు, కొన్నింటికి టాపులో సగం అద్దమే. పైగా వేగం రెట్టింపు.

అందుకే మొదట అడగాల్సింది గుడారం దుకాణదారును కాదు, బండితో పాటు ఇచ్చిన పుస్తకాన్ని. టాపు మీద ఎంత బరువు పెట్టవచ్చో అందులో కంపెనీ చెబుతుంది. ఇది బండి నడుస్తున్నప్పటి పరిమితి. నిలిపి ఉంచినప్పుడు అదే టాపు అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. ఇద్దరు మనుషులు పైకెక్కి పడుకున్నా కుంగిపోకపోవడానికి కారణం అదే. కానీ చాలామంది ఈ రెండింటినీ కలగాపులగం చేస్తారు. ‘ముగ్గురు పడుకున్నా ఏమీ కాలేదు’ అన్న మాట నిలిచి ఉన్న బండి గురించి మాత్రమే. గోతిలో పడి లేచే బండి మీద ఆ బరువు ఒక్క క్షణంలో ఎన్నో రెట్లవుతుంది. బ్రేకు వేస్తే ముందుకు తోస్తుంది, మలుపులో బయటికి లాగుతుంది.

ఉదాహరణకు పుస్తకంలో 75 కిలోలని ఉందనుకుందాం. చాలా కార్లకు ఇంచుమించు ఈ అంకే ఉంటుంది. ఇనుప చట్రం 30 కిలోలు, గట్టి డొప్ప ఉన్న గుడారం 60 కిలోలు. మొత్తం 90. దుప్పట్లు, డీజిల్ డబ్బా, గడ్డపార ఇంకా ఎక్కకుండానే 15 కిలోలు ఎక్కువైంది. అదే తేలికైన అల్యూమినియం అడ్డ కడ్డీలు 8 కిలోలు, మడత గుడ్డ గుడారం 45 కిలోలు తీసుకుంటే మొత్తం 53. ఇది నిలుస్తుంది. రెండు ఎంపికల మధ్య తేడా రంగులోనూ సోకులోనూ లేదు, ఈ 37 కిలోల్లో ఉంది.

ఇంకో మెలిక ఉంది. చట్రం తయారుచేసే కంపెనీలకూ సొంత పరిమితి ఉంటుంది. కొన్ని కంపెనీలు మట్టిదారిలో వెళ్లేటప్పుడు ఆ పరిమితిని మూడింట రెండు వంతులకు తగ్గించుకోమంటాయి. అంటే తారు రోడ్డు మీద 75 కిలోలు మోసే చట్రం రాళ్ల దారిలో 50 కిలోలకే హామీ ఇస్తుంది. ఆఫ్‌రోడ్ బండి కొన్నదే రాళ్ల దారి కోసం గనక చిన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. టాపు పరిమితి, చట్రం పరిమితి, మట్టిదారి పరిమితి. మూడింట్లో ఏది తక్కువైతే అదే అసలు పరిమితి. దుప్పటి ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

బండిని బట్టి చట్రం మారుతుంది. 2020 అక్టోబర్‌లో వచ్చిన మూడు తలుపుల థార్‌లో గుడ్డ టాపు రకాలుండేవి. వాటి మీద నేరుగా ఏదీ పెట్టలేం. హార్డ్ టాపు కూడా రేకు కాదు, అచ్చుపోసిన ఫైబర్. చూడ్డానికి గట్టిగా ఉన్నా దాన్ని నమ్ముకోకుండా, బాడీ నుంచో ఛాసిస్ నుంచో లేచే కడ్డీలతో బయటి చట్రం కట్టుకోవాలి. అది మరింత బరువు. 2024 ఆగస్టులో వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్‌కు రేకు టాపు ఉంది, కానీ కొన్ని రకాల్లో పైన పెద్ద అద్దం ఉంది. 2023లో మన మార్కెట్లోకి వచ్చిన మారుతి జిమ్నీకి అంబాసిడర్ నాటి వాన గాడి మళ్లీ ఉంది. చట్రం బిగించడం సులువే. అయితే చిన్న, తేలికైన బండి కాబట్టి అనుమతించిన బరువు ఎంతో పుస్తకంలో చూశాకే ముందుకెళ్లాలి. ఏ బండికైనా టాపుకు రంధ్రాలు వేయించడం మాత్రం ఆఖరి మాటగా ఉండాలి. తుప్పు సంగతి అలా ఉంచినా, కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో అవి టాపు అంచుల వెంటే ఉంటాయి. డ్రిల్లు ఎక్కడ దిగుతుందో మెకానిక్‌కు తెలియకపోతే ప్రాణం కాపాడాల్సినదే చెడుతుంది.

గుడారాల్లో రెండు జాతులు. మడత గుడ్డది తేలిక, ధర తక్కువ, విప్పితే వెడల్పు ఎక్కువ. సగం నేల బండి బయటికి వస్తుంది, దాన్ని నిచ్చెనే మోస్తుంది. వానలో తడిస్తే ఆరబెట్టకుండా మడిచిపెట్టకూడదు. బూజు పట్టిందంటే డబ్బు నీళ్లపాలే. గట్టి డొప్పది నిమిషంలో లేస్తుంది, గాలికి తట్టుకుంటుంది. కానీ బరువు, ధర ఎక్కువ, చోటు తక్కువ. ఇద్దరు వెళ్లి రోజుకో ఊళ్లో ఆగేవారికి డొప్ప మేలు. పిల్లాపాపలతో ఒకేచోట నాలుగు రోజులుండే వారికి మడతది నయం. డెబ్బై ఏళ్ల నాన్నమ్మను వెంట తీసుకెళ్లే వారికి రెండూ పనికిరావు. అర్ధరాత్రి చలిలో, చీకట్లో నిచ్చెన దిగి ఎక్కడం ఫొటోల్లో కనిపించని సంగతి.

ఎత్తు మరో పరీక్ష. థార్ ఎత్తు సుమారు 1.85 మీటర్లు. దానికి పది సెంటీమీటర్ల చట్రం, మడిచిన గుడారం ముప్పై సెంటీమీటర్లు కలిపితే 2.25 మీటర్లు. గుర్గావ్, నోయిడా అపార్ట్‌మెంట్ సెల్లార్ ముందు 2.1 అని బోర్డుంటే బండి రాత్రంతా వీధిలోనే. కాబట్టి ఊళ్లో ఉన్నన్నాళ్లు గుడారం దించి ఎక్కడ పెడతారో, ఇద్దరు ముగ్గురు మనుషుల సాయం లేకుండా దించగలరో లేదో కొనక ముందే తేల్చుకోవాలి. దించే ఓపిక లేక ఏడాది పొడవునా మోసుకు తిరిగితే ఇంధనం ఖర్చు పెరుగుతుంది, గాలి హోరు పెరుగుతుంది, మలుపుల్లో బండి ఒరగడమూ పెరుగుతుంది.

ఇక చట్టం. నాయకుల రథాలకూ ఈ తలనొప్పి తప్పలేదు. 2022 డిసెంబర్‌లో పవన్ కల్యాణ్ వారాహి వాహనం బయటికి రాగానే దాని రంగు మీద వివాదం రేగింది. రక్షణ శాఖవి కాని బండ్లకు ఆలివ్ గ్రీన్ రంగు వేయడాన్ని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు నిషేధిస్తాయి. అది ఎమరాల్డ్ గ్రీన్ అని తెలంగాణ రవాణా అధికారులు చెప్పాక ఆ వివాదం సద్దుమణిగింది. సామాన్యుడి బండికి వర్తించేది 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ విధించే వీలు వచ్చింది.

మరి క్యారియర్ మార్పు కిందికి వస్తుందా? బండి మౌలిక స్వరూపం మారేలా నిర్మాణంలో చేసే మార్పునే ఆ సెక్షన్ మార్పు అంటుంది. నట్లు విప్పితే ఊడివచ్చే క్యారియర్‌కూ, టాపు కోసి వెల్డింగ్ చేసిన చట్రానికీ తేడా అక్కడుంది. అయినా రోడ్డు మీద ఆపిన అధికారి ముందు సెక్షన్లు వల్లెవేయడం అంత సులువు కాదు. బండి కంపెనీయే అమ్మే క్యారియర్‌ను రసీదుతో సహా తీసుకోవడం, బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పడం రెండు చవకైన జాగ్రత్తలు. ప్రమాదం జరిగాక పరిహారం అడిగే రోజున ‘చెప్పకుండా మార్చారు’ అన్న మాట వినే కన్నా అది మేలు.

అన్నీ కుదిరాయనుకుందాం. విప్పేదెక్కడ? అశోకా రోడ్డు పక్కన విప్పితే నిమిషాల్లో పోలీసులు వస్తారు. అడవిలో మరీ కష్టం. మన్ననూరు దగ్గర నల్లమల దారిని రాత్రిపూట మూసేస్తారు. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా అడుగుపెట్టడాన్నే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. నేల మీద పడుకుంటే జంతువుల భయం, టాపు మీదైతే నిశ్చింత అన్న మాట ఆఫ్రికా నుంచి వచ్చింది. చిత్తూరు వైపు కౌండిన్య అడవుల్లో ఏనుగులుంటాయి. వాటి తొండానికి థార్ టాపు ఏపాటి ఎత్తు?

హిమాలయాల్లో పొంచి ఉన్న ప్రమాదం వేరు. ఎక్కడ పొద్దుపోతే అక్కడే పడుకోవచ్చన్న ధీమాయే అక్కడ శత్రువు. సుమారు 2,000 మీటర్ల ఎత్తున్న మనాలి నుంచి ఒక్కరోజులో 4,300 మీటర్ల సర్చు చేరి, అక్కడే గుడారం విప్పితే తలనొప్పి, వాంతులు, ఊపిరి అందకపోవడం ఎవరికైనా రావచ్చు. 3,200 మీటర్ల జిస్పాలో ఒకటి రెండు రాత్రులు ఆగి శరీరాన్ని అలవాటు చేయాలి. చలి తట్టుకోలేక గుడారంలో గ్యాస్ స్టవ్వో బొగ్గుల కుంపటో వెలిగించడం ప్రాణాంతకం. మూసిన గదిలో అంగీఠీ పెట్టుకుని తెల్లారేసరికి లేవని వారి వార్తలు ఢిల్లీ పత్రికల్లో దాదాపు ప్రతి చలికాలమూ వస్తాయి. వాసన లేని ఆ కార్బన్ మోనాక్సైడ్‌కు ఇల్లూ గుడారమూ ఒకటే. మంచి స్లీపింగ్ బ్యాగు, కొంచెం తెరిచిన కిటికీ, అంతే మందు.

చివరి జాగ్రత్త చిన్నదే. బిగించిన నట్లు మొదటి వంద కిలోమీటర్ల కుదుపుల్లో కచ్చితంగా కాస్త వదులవుతాయి. దిగి, పానా పట్టి, మళ్లీ బిగించాలి. ఆ తర్వాత గతుకుల దారి దాటిన ప్రతిసారీ చూసుకోవాలి. వెనక వచ్చే స్కూటరిస్టుకు మన సరదాతో సంబంధం లేదు. ఊడిపడే అరవై కిలోలు మొదట తగిలేది అతనికే.

ఇదంతా విన్నాక గుడారం మీద మోజు పోవాలని కాదు. ఏడాదికి ముప్పై రాత్రులు బయట గడిపేవారికి అది దండగ కాదు. రెండేళ్లకోసారి లద్దాఖ్ వెళ్లేవారికి మాత్రం డిక్కీలో పట్టే ఐదు కిలోల నేల గుడారం చాలు, మనాలిలో అద్దెకు తీసుకున్నా చాలు. కొనాలని తేల్చుకుంటే మాత్రం వరుస మరవకూడదు. ముందు బండి పుస్తకం, తర్వాత చట్రం, ఆఖర్న గుడారం. దుకాణాల్లో ఇది సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది. నాలుగు దశాబ్దాల నాటి రథాన్ని మాట్లాడే మనిషి నిలబడడానికి తగ్గట్టుగా ముందే కట్టించారు. ఇప్పటి బండిని అలా ఎవరూ కట్టలేదు. ఎంత మోయగలదో పుస్తకంలో రాసి ఇచ్చారంతే.