తీర రహదారి సరే, నోటీసు ఏ భాషలో?

కోల్‌కతా నుంచి చెన్నై దాకా సుమారు 1,700 కిలోమీటర్లు సాగే 16వ నంబరు జాతీయ రహదారిలో చూడముచ్చటైన భాగం మన ముంగిట్లోనే ఉంది. ఖుర్దా జిల్లా బాలుగావ్ దాటి రంభ వచ్చేసరికి ఒక పక్క కొండలు, మరో పక్క చిలికా. ఆ తరువాత రుషికుల్య వంతెన, ఛత్రపురం, బరంపురం, ఇచ్ఛాపురం. 2010లో నంబర్లు మారినా మన పెద్దలకు ఇది ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డే.

ఇప్పుడు చర్చ మరో రోడ్డు గురించి. గోపాలపూర్ నుంచి పూరీ, కోణార్క్, పారాదీప్ మీదుగా బెంగాల్‌లోని దిఘా వరకు తీరం వెంట జాతీయ రహదారి వేయాలన్నది పాత ప్రతిపాదన. అది గోపాలపూర్‌లో మొదలవ్వాలా, ఖుర్దా జిల్లా రామేశ్వర్‌లో మొదలైతే చాలా అన్న దానిపై వాదోపవాదాలు నడిచాయి. గంజాంను వదిలేస్తే పర్యాటకం, పోర్టు వ్యాపారం నష్టపోతాయని కొందరి వాదన. 1981లోనే రామ్‌సర్ జాబితాకెక్కిన చిలికాకు ముప్పు రాకూడదని మరికొందరి ఆందోళన. రెండింటిలోనూ నిజముంది.

ఈ వాదనల్లో వినిపించని మాట ఒకటుంది. గోపాలపూర్ మొదలు పూరీ దాకా తీరంలో ఉన్న మత్స్యకార పల్లెల్లో చాలాచోట్ల ఇంటి భాష తెలుగు. ఒడియాలో వీరిని నోలియాలంటారు. వలలు ఆరేసే ఇసుక, చేపలు ఎండబెట్టే జాగా, పడవలు లాగే ఒడ్డు వీరి బతుకుతెరువు. తీరం వెంట ఏ రోడ్డు వచ్చినా ముందు తగిలేది వీటికే.

జాతీయ రహదారుల చట్టం (1956) ప్రకారం భూసేకరణ ప్రకటన సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి. వాటిలో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. ఆ భూమిలో హక్కో ప్రయోజనమో ఉన్నవారు గెజెట్ ప్రకటన వెలువడిన 21 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. ఇక్కడ ప్రాంతీయ భాష అంటే సాధారణంగా ఒడియానే. తెలుగు మాత్రమే చదవగలిగిన తండ్రికి ఆ ప్రకటన కంటపడినా అందులో తన సర్వే నంబరు ఉందో లేదో తెలియదు. సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

దీనికి దారి లేకపోలేదు. ఒక ప్రాంత జనాభాలో భాషా అల్పసంఖ్యాకులు 15 శాతం లేక అంతకు మించి ఉంటే ముఖ్యమైన నోటీసులు, నిబంధనలు వారి భాషలోనూ ప్రచురించాలని 1961 ముఖ్యమంత్రుల సమావేశంలో అంగీకారం కుదిరింది. అది చట్టం కాదు, ఒప్పుకున్న రక్షణ. అడిగేవారు లేకపోతే కాగితం మీదే ఉండిపోతుంది. దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన ఇబ్బందిని అధికారికి రాసుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చింది. అంటే తెలుగులో రాసిన విన్నపాన్ని భాష పేరు చెప్పి తోసిపుచ్చడానికి వీల్లేదు.

మన బడుల వంతు ఇక్కడే వస్తుంది. తెలుగు మాధ్యమంలో చదువుతూ ఒడియా కూడా నేర్చుకుంటున్న పిల్ల ఆ ఇంటికి రెండు భాషల కన్ను. ఏడు, ఎనిమిది తరగతుల్లో నెలకొక్క పీరియడు ఒడియా పత్రికలోని ప్రభుత్వ ప్రకటన ఒకటి తీసుకుని ఊరి పేరు, సర్వే నంబరు, గడువు తేదీ వెతికించి తెలుగులో చెప్పిస్తే చాలు. అది భాషా పాఠమూ అవుతుంది, పౌరశాస్త్రమూ అవుతుంది. తల్లిదండ్రులు కూడా బడి కమిటీ సమావేశంలో ఒక తీర్మానం చేసి, తీరగ్రామాల భూసేకరణ నోటీసులు తెలుగులోనూ ఇవ్వాలని కలెక్టరుకు పంపవచ్చు.

రోడ్డు ఎటు పోవాలో ఇంజనీర్లు, ప్రభుత్వాలు తేల్చుకుంటాయి. అది ఎవరి జాగా మీదుగా పోతుందో వారికి అర్థమయ్యే భాషలో ముందే చెప్పమని అడగడం మన పని.