భీమ్ గ్యాంగు వదిలేసిన కుర్రాడు

ఒక సోదరి, గోదావరిఖని

ప్రశ్న: మాది యైటింక్లైన్ కాలనీలో క్వార్టరు. మావారు ఓపెన్‌కాస్టులో పనిచేస్తారు. మా బాబుకి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. చిన్నప్పటి నుంచీ వాడికి టీవీలో వచ్చే ఛోటా భీమ్ అంటే ప్రాణం. మా లైనులో పిల్లలు ఏడెనిమిది మంది కలిసి ‘భీమ్ గ్యాంగు’ అని పెట్టుకున్నారు. వీడే భీమ్, పక్కింటి పాప చుట్కీ. సెలవుల్లో పొద్దస్తమానం అదే ఆట, అదే ముచ్చట. మూడు నెలల నుంచి వాడు ఆ పిల్లలతో కలవడం మానేశాడు. వచ్చి పిలిచినా బయటికి రాడు. పోయిన నెల భీమ్ బొమ్మలు, స్టిక్కర్ల పుస్తకం, చివరికి క్రికెట్ బ్యాటు కూడా ఎదురింటి పిల్లాడికి ఇచ్చేశాడు. ఎందుకురా అంటే ‘నాకింక వాటితో ఏం పని’ అన్నాడు. రాత్రి ఒంటిగంట దాకా నిద్రపోడు. అన్నం సగంలో లేస్తాడు. మొన్న కోప్పడితే ‘నేనున్నా ఒకటే, లేకున్నా ఒకటే’ అన్నాడు. మావారు ‘పెద్దోడైతున్నాడు, వదిలెయ్’ అంటారు. మా అత్తగారు దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పి పారేశారు. ఇంత ఇష్టపడ్డ బొమ్మల మీద, స్నేహితుల మీద పిల్లలకి విరక్తి ఎందుకొస్తుంది? ఇది జబ్బేనా? బలానికి మంచి టానిక్కు రాయగలరు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజునే మీకు విడిగా జవాబు రాసి పోస్టు చేశాను. పత్రికలో అచ్చయ్యే దాకా ఆగవలసిన విషయం కాదు. అందులో రాసినవే ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను. ఇలాంటి సందేహం చాలా ఇళ్ళలో ఉన్నది కనుక కాస్త వివరంగా రాస్తాను.

మీవారి మాట చాలామంది పిల్లల విషయంలో అక్షరాలా నిజం. మీ బాబు విషయంలో నిజం కాకపోవచ్చునని నా అనుమానం. ఆ తేడా తెలియాలంటే ముందు మామూలు పిల్లలు ఇలాంటి బృందాల నుంచి ఎందుకు తప్పుకుంటారో చూడాలి.

ఛోటా భీమ్ మన హైదరాబాదులో పుట్టిన బొమ్మే. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేయగా 2008లో పోగో ఛానల్లో మొదలైంది. 2012లో సినిమాగా థియేటర్లకూ వచ్చింది. మొదట్లో ఎనిమిదేళ్ళ వయసులో దాన్ని చూసిన పిల్లలకి ఇప్పుడు పాతికేళ్ళు నిండాయి. వాళ్ళలో ఒకరిని పట్టుకుని, నువ్వు భీమ్‌ని చూడడం ఎప్పుడు మానేశావోయ్ అని అడగండి. నవ్వుతాడే గాని తేదీ చెప్పలేడు. అంతదాకా ఎందుకు, 1947 నుంచి మూడు తరాల వాళ్ళు చందమామ కోసం పోస్టుమాను దారి చూశారు. బేతాళుడు మళ్ళీ చెట్టెక్కే ఆ కథను తాము ఏ నెలలో ఆఖరుసారి చదివారో వాళ్ళలో ఎంతమందికి గుర్తుంది? ఆరోగ్యంగా ఎదిగే పిల్లలు ఇష్టమైనదాన్ని వదిలేటప్పుడు వదులుతున్నామని వాళ్ళకే తెలియదు.

ఆరేడేళ్ళ పిల్లవాడికి చూసిందే చూడడంలో ఆనందం ఉంటుంది. భీమ్ లడ్డు తింటాడు, బలం వస్తుంది, ఢోలక్‌పూర్‌ని కాపాడతాడు. ఏం జరగబోతుందో ముందే తెలియడం ఆ వయసుకి పెద్ద ధైర్యం. పదకొండు, పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆలోచనా విధానమే మారుతుందని స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జాన్ పియాజే చాలాకాలం క్రితమే చెప్పాడు. ‘ఇలా కాకుండా అలా జరిగితే?’ అన్న ప్రశ్న అప్పుడు మొదలవుతుంది. ప్రతిసారీ ఇంద్రవర్మ మహారాజు ఒక చిన్న కుర్రాడిని పిలవడమేమిటి, ఆయన సైన్యం ఏం చేస్తోంది అని పిల్లవాడు అడిగాడంటే సంతోషించండి. మెదడు చక్కగా పనిచేస్తోంది!

అయితే బొమ్మ మీద ఇష్టం తగ్గడం వేరు, ఆ పిల్లల గుంపును వదలడం వేరు. ఇష్టం పూర్తిగా ఉండగానే గుంపును వదిలే పిల్లలు ఎందరో ఉన్నారు. ఈ సంగతి పెద్దలు గమనించరు.

మీ కాలనీలోనే చూడండి. తండ్రికి నైట్ షిఫ్టు పడ్డ ఇంట్లో పగలు టీవీ మోగకూడదు, ఆయన నిద్రపోవాలి. అంచేత పిల్లలంతా ఆ వారం ఎవరింట్లో నాన్న మొదటి షిఫ్టుకు వెళ్ళాడో ఆ ఇంట్లో చేరతారు. షిఫ్టు మారినప్పుడల్లా గుంపు కూడా ఇల్లు మారుతుంది. ఒక ఇంట్లో అటుకులు, ఒక ఇంట్లో సర్వపిండి. ఆ పిల్లల్ని కలిపి ఉంచింది భీమ్ అని మనం అనుకుంటాం గాని, సగం పని చేసింది ఆ ఒక్క గది, ఆ ఒక్క టీవీ. తర్వాత ఇంటింటా చేతిలో ఫోనొచ్చింది. 2020లో కరోనా వచ్చి బడులు మూతబడినప్పుడు చదువే ఫోనులోకి వచ్చింది. ఎవరికి కావలసిన బొమ్మను వాళ్ళు తమ మూల కూర్చుని చూసుకోవచ్చు. పక్కన కూర్చునే అవసరం పోయాక గుంపు నిలవడం కష్టం. అలాగే నాన్నకి మణుగూరుకో శ్రీరాంపూర్‌కో బదిలీ అయిందనుకోండి, గుంపులో ఇద్దరు తగ్గుతారు. మిగిలినవాళ్ళకి ఆట రక్తి కట్టదు.

గుంపు లోపలి రాజకీయం ఇంకొకటి. పిల్లల్లో రాజకీయమా అనకండి. సినిమా హీరోల అభిమాన సంఘాల్లో తిరిగిన పెద్దవాళ్ళని అడగండి, హీరో మీద ప్రేమ తగ్గి బయటికొచ్చినవాళ్ళు ఎంతమందో, అధ్యక్షుడి పెత్తనం భరించలేక వచ్చినవాళ్ళు ఎంతమందో! ఇక్కడా అంతే. ఎవడికి ఎక్కువ తెలుసన్న పోటీ మొదలవుతుంది. భీమ్ వేషం నాదంటే నాదని తగువు. ఒకడికి ఎప్పుడూ కాలియా వేషమే, అంటే ఎప్పుడూ తన్నులు తినేవాడే. వాడు ఎన్నాళ్ళుంటాడు? ఇక పై తరగతి పిల్లలు ‘ఇంకా లడ్డు తింటున్నావురా’ అని ఒక్కమాట అంటే చాలు, పన్నెండేళ్ళవాడు సిగ్గుతో చితికిపోతాడు. ఆ సాయంత్రమే స్టిక్కర్లు చింపేస్తాడు. రాత్రి తలుపేసుకుని అదే బొమ్మ చూస్తాడు కూడా.

ఆడపిల్ల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మీ పక్కింటి చుట్కీ కూడా మరో ఏడాదికో రెండేళ్ళకో ఈ గుంపులో కనబడదు. తనంతట తాను మానదు, మనమే మాన్పిస్తాం. పెద్దమనిషి అయిందనగానే మగపిల్లలున్న ఇంటికి టీవీ చూడడానికి వెళ్ళవద్దంటాం. నిన్నటిదాకా అరుగు మీద గంతులేసిన పిల్ల ఇవాళ కిటికీలోంచి చూస్తుంది. ఆ వయసులో నీరసం, చిరాకు కనబడితే రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించాలి, నిజమే. కాని స్నేహితుల్ని ఒక్కరోజులో పోగొట్టుకున్న దిగులుకి ఇనుము మాత్రలు పనిచేయవు. తల్లులు ఈ విషయంలో కాస్త ఉదారంగా ఉండాలని నా మనవి.

కొందరు పిల్లలు వెనక్కి తగ్గడానికి శరీరమే కారణం కావచ్చు. చూపు మందగిస్తే బ్యాటు పట్టడానికి, నలుగురిలో ఆడడానికి జంకుతారు. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గితే మాటలు అందక, అందరూ నవ్వాక తాము నవ్వుతారు. కొన్నాళ్ళకి వెళ్ళడమే మానుకుంటారు. వీటికి కంటి, చెవి పరీక్ష చాలు.

ఇప్పుడు మీ బాబు విషయానికి వస్తాను.

పిల్లవాడు ఒక గుంపును వదిలినప్పుడు తల్లి చూడవలసింది వాడు ఏ గుంపుకు వెళ్ళాడన్నది. భీమ్‌ని వదిలి క్రికెట్టుకో, కబడ్డీకో, కొత్త స్నేహితుడి సైకిలెక్కి గోదావరి ఒడ్డుకో వెళుతుంటే మీవారి మాటే సరి. మీ బాబు ఎక్కడికీ వెళ్ళలేదు. భీమ్‌ని వదిలాడు, క్రికెట్టు వదిలాడు, అన్నం వదిలాడు, నిద్ర వదిలాడు. ఇన్ని ఒకేసారి వదిలితే అది ఎదుగుదల కాదు. ఏ సంతోషమూ రుచించని ఈ స్థితి రెండు వారాలు దాటి రోజూ ఉంటే అది డిప్రెషన్ అనే వ్యాధి కావచ్చునని డాక్టర్లు అనుమానిస్తారు. మీరు మూడు నెలలంటున్నారు. పెద్దల్లో ఇది ఏడుపుగా కనబడితే ఈ వయసు పిల్లల్లో తరచు చిరాకుగా, కోపంగా, తలనొప్పిగా, కడుపునొప్పిగా, మార్కులు పడిపోవడంగా కనబడుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళు పొగరనుకుంటారు. పది నుంచి పంతొమ్మిదేళ్ళ వయసు వాళ్ళలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి ఇది మీ ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదు, మీ పెంపకం లోపమూ కాదు.

బొమ్మలు తమ్ముడికో చిన్నపిల్లలకో ఇవ్వడం మామూలే. కాని తనకు ప్రియమైనవన్నీ పంచేసి, ‘నేనున్నా ఒకటే, లేకున్నా ఒకటే’ అన్న పిల్లవాడి మాటను కోపంలో అన్న మాటగా కొట్టెయ్యకూడదు. మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివిన వాక్యం అదే.

ఇవాళే వాడి పక్కన కూర్చుని అడగండి. ‘ఏం బిడ్డా, బతకబుద్ధి కావట్లేదా? చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని తల్లులు భయపడతారు. అది నిజం కాదు. అడగడం వల్ల ప్రమాదం పెరగదు, పిల్లవాడికి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఏడవకండి, తిట్టకండి, నీకేం తక్కువ చేశామని లెక్క చెప్పకండి. ‘నాకు చెప్పి మంచిపని చేశావు’ అనండి. బళ్ళో ఎవరైనా ఏడిపిస్తున్నారా, కొడుతున్నారా, ఫోనులో ఎవరైనా బెదిరిస్తున్నారా, ఎవరైనా తాకరాని చోట తాకారా అన్నవి మెల్లగా, ఒక్కొక్కటిగా తెలుసుకోండి. అన్నీ ఒక్క రాత్రిలో రాబట్టాలని చూడవద్దు. ఇంట్లో ఉన్న మాత్రలు, పురుగుమందు, తలకు వేసుకునే రంగు తాళంలో పెట్టండి. కొన్నాళ్ళు వాణ్ణి ఒంటరిగా వదలకండి. మీవారు డ్యూటీలో ఉన్న వేళ మీ అత్తగారి సాయం తీసుకోండి. నిమ్మకాయ తిప్పినందుకు ఆవిడని ఏమీ అనకండి. మనవడిలో మార్పు ఉందని ఆవిడ కనిపెట్టారు, మందు మాత్రమే పొరపాటు.

చచ్చిపోవాలనిపిస్తోందని గాని, ఎలాగో ఆలోచించానని గాని అంటే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కాదన్నా ఈ వారం దాటనివ్వకండి. మీకు సింగరేణి ఏరియా ఆసుపత్రి దగ్గరలోనే ఉంది. 2022లో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. దాని ఆసుపత్రిలో మానసిక వైద్యుల విభాగం ఎక్కడో అడగండి. రాత్రివేళ భయమేస్తే 14416కి ఫోను చెయ్యండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం. 2022 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు ముందు రక్తహీనత, థైరాయిడు లాంటివి లేవని చూసుకుంటారు. ఈ వయసులో చాలామందికి మాట్లాడి చేసే చికిత్సే మొదటి మందు. మాత్రలు అవసరమైతే నిపుణుడే రాయాలి. పక్కింటివాళ్ళకి పనిచేసిన నిద్రమాత్ర మీ బాబుకి ఇవ్వకూడదు. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళారని లైనులో అనుకుంటారేమోనని మీకు సంకోచం ఉండవచ్చు. కళ్ళ పరీక్షకు వెళ్ళామని చెప్పండి. ఎలాగూ అది కూడా చేయిస్తారు గనుక అబద్ధమూ కాదు.

టానిక్కు రాయలేదని అనుకోకండి, వాడికి కావలసింది అది కాదు. రాత్రి ఫోను మీ గదిలో ఉంచుకోండి. ఆ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి.

భీమ్ గ్యాంగులోకి మళ్ళీ వెళ్ళమని బలవంతం చెయ్యకండి. ఎదురింటికిచ్చిన బొమ్మలు వెనక్కి తేవద్దు. ఆ పక్కింటి పాప మాత్రం వచ్చి అరుగు మీద కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. ఆసుపత్రికి వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకు వెళ్ళండి: బాబు బరువు, ఎప్పటి నుంచి నిద్ర తగ్గింది, ఏయే పూట అన్నం మానేస్తున్నాడు, బళ్ళో ఎన్ని రోజులు మానేశాడు, వాడన్న ఆ మాట ఉన్నదున్నట్టు. అక్కడికి వెళ్ళాక కంగారులో సగం మర్చిపోతారు.