ఇంట గెలిచి రచ్చ గెలువు

ఫుట్‌బాల్ ఆటలో విజేతలు రెండు రకాలు. తొమ్మిది నెలలపాటు వారం వారం ఆడి, చలికీ వానకూ ఓర్చి, చివరకు పాయింట్లు కూడగా పైన నిలిచేవారు ఒక రకం. ఒక్క సాయంత్రం గంటన్నర ఆటలో గెలిచి కప్పు ఎత్తుకుపోయేవారు రెండవ రకం. మొదటిది సంసారం వంటిది, రెండవది పెళ్ళి వంటిది. సంసారాన్ని చూడడానికి ఎవరూ రారు. పెళ్ళికి మాత్రం ఊరంతా వస్తుంది.

యూరపు క్లబ్బుల పెద్ద కప్పుకు 1956 నుంచి ఏటా జరుగుతున్న ఫైనలు అటువంటి పెళ్ళి. మన దేశంలో కూడా దీనికోసం అర్ధరాత్రి దాటేదాకా మేలుకున్న ఇళ్ళు తక్కువేమీ కాదు. ఉదయం ఆఫీసులో కునికిపాట్లు పడేవారిని చూసి నవ్వేవారికీ, ఆ కునికిపాట్లు పడేవారికీ కూడా ఈ పోటీ పూర్వోత్తరాలు కొంత చెప్పవలసి ఉన్నది.

దీనికి మూలం ఒక పత్రికల తగాదా. 1954 డిసెంబరులో వుల్వర్‌హాంప్టన్ అనే ఇంగ్లీషు క్లబ్బు హంగరీ నుంచి వచ్చిన హాన్‌వెడ్ జట్టును 3-2 గోళ్ళతో ఓడించింది. హంగరీ అంటే ఆ రోజుల్లో ఆటకు పుట్టిల్లు. ఇంకేం? తమ క్లబ్బే ప్రపంచ ఛాంపియనని ఇంగ్లండు పత్రికలు చాటాయి. పారిస్‌లో ‘లెకిప్’ అనే క్రీడాపత్రికకు సంపాదకుడుగా ఉన్న గాబ్రియేల్ హానో ఈ మాటను ఒప్పుకోలేదు. సొంత ఊళ్ళో, బురద మైదానంలో ఒక్క ఆట గెలిస్తే ప్రపంచాన్ని గెలిచినట్లేనా? అన్ని దేశాల క్లబ్బులూ ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఆడితే కదా ఎవరి బలం ఎంతో తేలేది అన్నాడు. అన్నవాడు ఊరుకోక పథకం కూడా వేశాడు. 1955 సెప్టెంబరులో 16 క్లబ్బులతో పోటీ మొదలయింది.

పెద్దల మాట ప్రకారం ఇంట గెలిచినవాడే రచ్చకు రావాలి. అంటే తన దేశపు లీగులో మొదటివాడుగా నిలిచిన క్లబ్బే ఇందులో ఆడాలి. కాని పుట్టిన ఏడే ఆ నియమానికి చిల్లి పడింది. ఇంగ్లండు ఛాంపియను చెల్సీ; ‘ఈ విదేశీ గొడవ మనకెందుకు?’ అని అక్కడి లీగు పెద్దలు అడ్డుచెప్పగా అది ఆగిపోయింది. స్కాట్లండు నుంచి వచ్చిన హిబర్నియన్ ఆ దేశపు లీగులో అయిదవ స్థానంలో ఉన్నది. అయినా వచ్చి సెమీఫైనలు దాకా ఆడింది! నియమం సడలించినవారికి ఈనాడు మనం శాపనార్థాలు పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మొదటి ఫైనలు 1956 జూన్ 13న పారిస్‌లో జరిగింది. ఫ్రాన్సు క్లబ్బు రాన్స్, స్పెయిను క్లబ్బు రియల్ మాడ్రిడ్ తలపడ్డాయి. పది నిమిషాలు గడిచేసరికే రాన్స్ రెండు గోళ్ళు చేసింది. మాడ్రిడ్ రెండూ తీర్చింది. మళ్ళీ రాన్స్ మూడవది చేసింది. చివరకు మాడ్రిడ్ 4-3తో గెలిచింది. ఓడిన జట్టులో అందరినీ ఆకట్టుకున్న రేమండ్ కోపా మరుసటి సీజనుకు మాడ్రిడ్ జట్టులో ఉన్నాడు. గెలిచినవాడు కప్పుతోపాటు ఓడినవాడి మేటి ఆటగాణ్ణి కూడా పట్టుకుపోవడం ఈ పోటీలో మొదటి ఏడే మొదలయిందన్నమాట. ఆ సంవత్సరమే మెల్బోర్న్ ఒలింపిక్సులో మన హైదరాబాదు రహీం సాహెబు శిక్షణలో భారతజట్టు ఆస్ట్రేలియాను ఓడించి నాలుగవ స్థానం సంపాదించింది. హైదరాబాదు పోలీసు జట్టు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచినది కూడా ఆ దశాబ్దంలోనే. మాడ్రిడ్ వారి వరుస కూడా చివరకు అయిదుకే వచ్చి ఆగింది: 1956, 57, 58, 59, 60.

ఈ అయిదింటిలో చివరిది ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. గ్లాస్గో నగరంలోని హాంప్‌డెన్ పార్కులో 1,27,621 మంది ప్రేక్షకులు. ఎదుటి జట్టు జర్మనీ క్లబ్బు ఐన్‌ట్రాహ్ట్ ఫ్రాంక్‌ఫర్ట్. ఇదేమీ అల్లాటప్పా జట్టు కాదు. సెమీఫైనలులో గ్లాస్గో రేంజర్స్‌నే రెండు ఆటల్లో కలిపి 12-4తో చిత్తు చేసినది. ఫైనలులో మొదటి గోలు కూడా వారిదే. ఆపైన ఏమయింది? పుష్కాష్ నాలుగు, డి స్టెఫానో మూడు, వెరసి మాడ్రిడ్ 7-3! ఒకడు హంగరీ వదిలి వచ్చినవాడు, మరొకడు అర్జెంటీనా నుంచి వచ్చినవాడు. తమ జట్టు ఓడిన ఊళ్ళోనే, తమను ఓడించినవారిని ఓడించిన పరాయి జట్టుకు ఆ గ్లాస్గో జనం నిలబడి చప్పట్లు కొట్టారు.

1961లో బార్సిలోనా దురదృష్టం చూడండి. బెర్న్ నగరంలో బెన్‌ఫికాతో ఫైనలు. బార్సిలోనా వారు కొట్టిన బంతులు పలుమార్లు గోలు కర్రలకు తగిలి వెనక్కు వచ్చాయి. 3-2తో లిస్బన్ వారు గెలిచారు. బార్సిలోనా తరఫున ఆడిన కోచిష్, జిబోర్ అనే ఇద్దరు హంగరీ వీరులు 1954లో ఇదే మైదానంలో, ఇదే 3-2 తేడాతో ప్రపంచ కప్పు ఫైనలు ఓడినవారు. చెట్టు కింద దెబ్బతిన్నవాడు మళ్ళీ ఆ చెట్టు కిందికే వచ్చినట్లయింది.

మరుసటి ఏడు బెన్‌ఫికాయే మాడ్రిడ్‌ను 5-3తో ఓడించింది. ఆ రోజు పుష్కాష్ మూడు గోళ్ళు చేసి కూడా ఓడాడు. రెండు గోళ్ళు చేసిన యూసేబియో అనే కుర్రవాడు రాత్రికి రాత్రి ప్రపంచానికి తెలిసిపోయాడు. ఈ రెండు కప్పులూ తెచ్చిపెట్టిన శిక్షకుడు బేలా గుట్‌మన్ జీతం పెంచమన్నాడనీ, యాజమాన్యం కాదన్నదనీ, నూరేళ్ళదాకా మీకు ఈ కప్పు దక్కదని శపించి వెళ్ళాడనీ చెప్పుకుంటారు. శాపాలను నమ్మనివారు నమ్మకండి. కాని బెన్‌ఫికా ఆ తరువాత 1963, 65, 68, 88, 90లలో అయిదు ఫైనళ్ళు ఆడి అయిదూ ఓడినమాట నిజం. పనివాడికి జీతం ఎగ్గొట్టదలచిన యజమానులు దీన్ని ఫ్రేము కట్టించి పెట్టుకోవచ్చు.

1967లో లిస్బన్ ఫైనలు గురించి చెప్పకపోతే ఈ చరిత్రకు అర్థమే లేదు. ఒకవైపు మిలాన్ నగరపు ఇంటర్. గోలు ముందు తలుపు వేసి గడియ పెట్టే ఆటలో ఆరితేరిన జట్టు, అప్పటికే రెండుసార్లు విజేత. రెండవవైపు గ్లాస్గో సెల్టిక్. ఆ జట్టు కుర్రాళ్ళందరూ తమ మైదానానికి 30 మైళ్ళ లోపల పుట్టినవారే. విజయవాడ, గుంటూరు, తెనాలి కుర్రాళ్ళతో ఒక జట్టు కట్టి యూరపును జయించమంటే ఎట్లా ఉంటుందో ఊహించండి. ఏడవ నిమిషంలో ఇంటర్ పెనాల్టీ గోలు చేసి తలుపు వేసింది. సెల్టిక్ ఆ తలుపును గంటసేపు బాదింది. 63వ నిమిషంలో జెమ్మెల్, 84వ నిమిషంలో చామర్స్ గోళ్ళు చేశారు. శిక్షకుడు జాక్ స్టీన్ బొగ్గుగనిలో పనిచేసి వచ్చినవాడు.

మరుసటి ఏటి ఫైనలుకు పదేళ్ళ దుఃఖం వెనుక ఉన్నది. 1958 ఫిబ్రవరి 6న బెల్‌గ్రేడ్‌లో ఆడి తిరిగి వస్తున్న మాంచెస్టర్ యునైటెడ్ విమానం మ్యూనిక్‌లో మంచుబురద పట్టిన దారిమీద పైకి లేవలేక కూలిపోయింది. 23 మంది చనిపోయారు. వారిలో ఎనిమిదిమంది ఆటగాళ్ళు. శిక్షకుడు మాట్ బస్బీ చావు అంచుదాకా వెళ్ళి బతికాడు. ఆయన మళ్ళీ మొదటినుంచి జట్టు కట్టుకుంటూ వచ్చాడు. 1968 మే 29న వెంబ్లీలో బెన్‌ఫికాను 4-1తో ఓడించిన యునైటెడ్ జట్టులో ఆ విమానంనుంచి బతికి బయటపడినవారు ఇద్దరున్నారు, బాబీ చార్ల్‌టన్, బిల్ ఫోక్స్. రెండు గోళ్ళు చార్ల్‌టన్‌వే. కొన్ని కప్పులు గెలిచినవారి బరువుకంటె గెలవడానికి లేకుండా పోయినవారి బరువే ఎక్కువ మోస్తాయి.

చేతికి అందినది నోటికి అందకపోవడం అంటే ఏమిటో తెలియాలంటే మాడ్రిడ్ నగరంలోని రెండవ క్లబ్బు, అట్లెటికోను అడగాలి. 1974 ఫైనలులో అదనపు అరగంట ముగియబోతుండగా వారు 1-0 ఆధిక్యంలో ఉన్నారు. చివరి నిమిషంలో బయర్న్ మ్యూనిక్ రక్షకుడు ష్వార్జెన్‌బెక్ ఎంతో దూరంనుంచి కొట్టిన బంతి లోపలికి పోయింది. రెండు రోజుల తరువాత మళ్ళీ ఆడితే బయర్న్ 4-0తో గెలిచింది. సరిగ్గా నలభై ఏళ్ళకు, 2014లో, లిస్బన్‌లో అట్లెటికో మళ్ళీ 1-0 ఆధిక్యంలో ఉండగా 93వ నిమిషంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు రామోస్ తలతో కొట్టి స్కోరు సమం చేశాడు. అదనపు ఆటలో 4-1. 2016లో ఆ రెండు జట్లే మళ్ళీ కలిస్తే పెనాల్టీలలో మళ్ళీ ఓటమి!

ఇక ఒక చేదు ఫైనలు. 1985 మే 29, బ్రసెల్సులోని హైజెల్ మైదానం. లివర్‌పూల్, యువెంటస్ ఆట మొదలు కాకముందే లివర్‌పూల్ అభిమానులు కొందరు పక్క అరుగుమీదికి ఎగబడ్డారు. అక్కడివారు, ఎక్కువమంది ఇటలీవారు, గోడవైపు పరుగెత్తి నలిగిపోయారు. పాతబడిన గోడ కూలింది. 39 మంది చనిపోయారు. అయినా ఆట ఆడించారు! ఆపితే ఇంకా గొడవలవుతాయని అధికారుల వాదన. ప్లాటినీ పెనాల్టీ గోలుతో యువెంటస్ 1-0 గెలిచింది. ఇంగ్లండు క్లబ్బులను యూరపు పోటీల నుంచి అయిదేళ్ళు, లివర్‌పూల్‌ను ఆరేళ్ళు బహిష్కరించారు. శిక్ష పడవలసినదే. కాని శిథిలమైన మైదానాన్ని ఎంచినవారి సంగతి? అల్లరిమూకను ఒక కంచె మాత్రమే ఆపుతుందని నమ్మినవారి సంగతి? జనాన్ని పోగుచేసి టిక్కెట్లు అమ్మేవాడికి ఆ జనాన్ని క్షేమంగా ఇంటికి చేర్చే పూచీ కూడా ఉంటుంది. మన తిరునాళ్ళకూ, మన సభలకూ, మన క్రికెట్టు మైదానాలకూ కూడా వర్తించే పాఠం ఇది. ఏ కప్పూ 39 ప్రాణాల విలువ చేయదు.

మరుసటి సంవత్సరం సెవిల్ నగరంలో రుమేనియా క్లబ్బు స్టౌవా గోల్‌కీపరు దుకాదామ్ బార్సిలోనా వారి పెనాల్టీలు నాలుగింటికి నాలుగూ పట్టాడు. 1991లో యుగోస్లావియా క్లబ్బు రెడ్‌స్టార్ కప్పు గెలిచింది. నెల తిరగకముందే ఆ దేశం ముక్కలు కావడం మొదలయింది. వివిధ ప్రాంతాల కుర్రాళ్ళు కలిసి ఆడిన ఆ జట్టు కూడా చెదిరిపోయింది. కప్పు మిగిలింది, దాన్ని గెలిచిన దేశం మిగలలేదు.

1992 తరువాత పోటీ పేరు ఛాంపియన్స్ లీగ్ అయింది. 1997 నుంచి కొన్ని పెద్ద దేశాలనుంచి రెండవ స్థానం వారిని కూడా రానిచ్చారు. తరువాత మూడు, నాలుగు స్థానాలవారిని కూడా. కారణం దాచనక్కరలేదు. టెలివిజను డబ్బు. ఎంత ఎక్కువ ఆటలైతే అంత ఎక్కువ సొమ్ము. ఫలితం చూడండి. 1999 ఫైనలులో మాంచెస్టర్ యునైటెడ్, బయర్న్ తలపడ్డాయి. ముందటి ఏడు తమ తమ దేశాల్లో రెండూ రెండవ స్థానం జట్లే! పేరు ఛాంపియన్ల పోటీ. ఫైనలులో ఛాంపియను ఒక్కటీ లేదు. అయితే ఆ ఆట మాత్రం మరచిపోయేది కాదు. 90 నిమిషాలు నిండేదాకా 1-0 ఆధిక్యంలో ఉన్న బయర్న్, అదనంగా కలిపిన మూడు నిమిషాలలో షెరింగ్‌హామ్, సోల్‌షేర్ చేసిన రెండు గోళ్ళతో ఓడిపోయింది. ఆ రోజు మే 26. బతికి ఉంటే బస్బీకి తొంభై నిండేవి.

2005లో ఇస్తాంబుల్‌లో సగం ఆటకు 3-0 వెనుకబడిన లివర్‌పూల్ ఆరు నిమిషాలలో మూడూ తీర్చి, పెనాల్టీలలో మిలాన్‌ను ఓడించింది. ఆ ఏడు ఇంట్లో లివర్‌పూల్ స్థానం అయిదు. 2012లో గెలిచిన చెల్సీ స్థానం ఆరు. ఇంట ఆరవవాడు రచ్చలో మొదటివాడు! దీనికి పూర్తి విరుద్ధంగా నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనే చిన్న క్లబ్బు ఉన్నది. 1978లో ఒకే ఒక్కసారి ఇంట గెలిచింది. దాని బలంతో 1979, 80లలో రెండుసార్లు రచ్చ గెలిచింది.

ఇందులో న్యాయమేది, అన్యాయమేది? నలుగురిని రానిస్తే మంచి ఆటలు చూడగలం. ఆ మాట కాదనలేము. కాని రానిచ్చేది ఎక్కువగా పెద్ద దేశాల నలుగురినే. గ్లాస్గో, బెల్‌గ్రేడ్, బుకారెస్టు కుర్రాళ్ళు మళ్ళీ ఈ కప్పు ఎత్తగలరని ఈనాడు పందెం కాసేవాడు కనిపించడు. రియల్ మాడ్రిడ్ 2024 నాటికి 15 కప్పులు గెలిచింది. 2025లో మ్యూనిక్‌లో పారిస్ క్లబ్బు ఇంటర్‌ను 5-0తో ఓడించింది. ఫైనళ్ళ చరిత్రలో అంతటి తేడా అంతకుముందు లేదు. దాని వెనుక ఉన్నది ఖతార్ దేశపు ధనం. గొప్పగా ఆడారు, సందేహం లేదు. అయితే ముప్ఫై మైళ్ళ కుర్రాళ్ళు గెలిచిన కప్పూ, మూడు ఖండాల డబ్బుతో గెలిచిన కప్పూ చూడడానికి ఒకటే వెండి. పెద్దవాళ్ళకే దారి వెడల్పు చేసుకుంటూ పోతే రచ్చ ఉంటుంది గాని, రచ్చకు వచ్చి మనల్ని ఆశ్చర్యపరిచే ఊళ్ళు ఉండవు.