బడి వేళలోనా, బడి వదిలాకా?

కంప్యూటర్‌తో చెబితే పిల్లలకు చదువు వస్తుందా అన్న ప్రశ్నకు గుజరాత్ పరిశోధనలు ఒకే జవాబు ఇవ్వలేదు. వడోదర మున్సిపల్ బడుల్లో 2002 తర్వాత నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు కంప్యూటర్‌లో లెక్కల ఆటలు ఆడించారు. మార్కులు బాగానే పెరిగాయని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో ప్రకటించింది. కార్యక్రమం ఆగిన ఏడాదికల్లా ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది.

అదే బృందంలోని లీ లిండెన్ తర్వాత గుజరాత్‌లోనే జ్ఞానశాల సంస్థ తరగతులను పరిశీలించారు. బడి వేళలో టీచరు పాఠానికి బదులు కంప్యూటర్ పెట్టిన చోట లెక్కల మార్కులు 0.57 ప్రామాణిక విచలనం మేర పడిపోయాయి. బడి వదిలాక పెట్టిన చోట 0.28 పెరిగాయి. అప్పటికే పకడ్బందీగా సాగుతున్న పాఠం సమయాన్ని యంత్రం మింగేసిందన్నమాట. బడులకు కంప్యూటర్ల టెండర్లు పిలిచే అధికారులు ముందుగా చదవాల్సిన ఫలితం ఇది.

ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లో టీచర్ల ప్రోత్సాహకాలపై పెద్ద అధ్యయనం చేసిన కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్‌లతో కలిసి ఢిల్లీలో బడి తర్వాతి కేంద్రాలను పరీక్షించారు. అహ్మదాబాద్ సంస్థ తయారుచేసిన మైండ్‌స్పార్క్ అక్కడి సాఫ్ట్‌వేర్. రోజుకు 90 నిమిషాల్లో సగం సమయం దానితో, మిగతా సగం చిన్న బృందంగా ఒక సహాయకుడి దగ్గర. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనం లాభం కనిపించింది. అక్కడి ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తరగతి పుస్తకాన్ని పక్కన పెట్టి, పిల్లవాడు ఆగిపోయిన చోటి నుంచి ఎత్తుకోవడమే ఈ పద్ధతి బలం.

ఈ ఢిల్లీ ఫలితం తెలంగాణ కుటుంబాలు ఉంటున్న సూరత్‌లోని బమ్రోలి, పాండేసరా, ఉధ్నా మరమగ్గాల ప్రాంతానికి వర్తించాలంటే రెండు చిక్కులున్నాయి. మొదటిది ఇల్లు. సాంచాల (మరమగ్గాల) మీద 12 గంటల షిఫ్టు చేసే తండ్రి జేబులోనే ఇంటి ఫోను ఉంటే, ఇంటిదగ్గర చదివించే యాప్ పిల్లలకు అందదు. రెండోది భాష. సూరత్ నగర ప్రాథమిక శిక్షణ సమితి తెలుగు మాధ్యమ బడులూ నడుపుతోంది కానీ, తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బోర్డుల మీద గుజరాతీ మధ్య పెరుగుతారు. తీసివేత వచ్చిన పిల్ల ప్రశ్న చదవలేక తప్పు గుర్తించినా, సాఫ్ట్‌వేర్ దాన్ని లెక్క రాకపోవడంగానే తీసుకుని కింది స్థాయికి దించేస్తుంది. ప్రశ్నను తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు లేకుండా అక్కడ స్థాయి నిర్ధారణ నమ్మదగ్గది కాదు.

ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. వస్తువు చేతికిచ్చే పథకానికి రాజకీయంగా గిరాకీ ఎక్కువ. సాయంత్రం బడి తలుపు తెరిచి, పక్కన కూర్చునే సహాయకుడికి జీతమిచ్చే పథకానికి తక్కువ. బమ్రోలి లాంటి వాడకు కావలసింది ఈ రెండోదే.

దాన్ని దేనితో కొలుస్తారన్నదీ ముఖ్యమే. ఢిల్లీలో అంత లాభం వచ్చినా బడి సొంత లెక్కల పరీక్షలో సగటున తేడా కనబడలేదు. ఆ ప్రశ్నపత్రం ఆ తరగతి సిలబస్‌ది, పిల్లలు నేర్చుకున్నది అంతకు ముందటి తరగతులది. బడి మార్కులే చూసి తీర్పు చెబితే ఇలాంటి కేంద్రాలు మొదటి ఏడాదే మూతపడతాయి.