వక్ఫ్ రికార్డులు: ముందు తలుపుకు మూడు తాళాలు.. వెనుక తలుపు సంగతేంటి?

2025 డిసెంబర్ 6న ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల అప్‌లోడ్ గడువు ముగిసింది. ఆరు నెలల్లో 5,17,040 ఆస్తుల వివరాలు ఎక్కించడం మొదలైందని కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ ప్రకటించింది. వాటిలో ఆమోదం దాకా వెళ్లినవి 2,16,905. ముతవల్లీలు పంపించగా ఇంకా పరిశీలనలో ఉన్నవి 2,13,941. తిరస్కరించినవి 10,869. ఈ మూడూ కలిపినా ఇంకో 75 వేల పైచిలుకు మిగులుతాయి. అంటే మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవన్నమాట. అంతకుముందున్న వామ్సీ డేటాబేస్‌లో 8.72 లక్షల ఆస్తులు కనిపించేవి. ఆ లెక్కన చూస్తే మూడున్నర లక్షలకు పైగా ఆస్తులు కొత్త పోర్టల్ గడప కూడా తొక్కలేదు.

గడువు పెంచడానికి సుప్రీంకోర్టు డిసెంబర్ 1న ఒప్పుకోలేదు. ఇబ్బంది ఉన్నవాళ్లు వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలని చెప్పింది. దాంతో చర్చంతా ఎక్కినవెన్ని, ఎక్కనివెన్ని అన్న లెక్క చుట్టూ తిరుగుతోంది. అది ముఖ్యమే. కానీ ఎక్కిన ఆస్తుల సంగతి కూడా చూడాలి. ఒకసారి డేటాబేస్‌లో చేరిన మసీదు, దర్గా, ఖబరస్తాన్ వివరాలను ఆ తర్వాత ఎవరు మార్చగలరు? ఎక్కడ కూర్చుని మార్చగలరు? మార్చినట్టు ముతవల్లీకి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నలు దాదాపు ఎక్కడా వినిపించడం లేదు.

పోర్టల్ నడిచే తీరు చూస్తే పైకి బాగానే ఉంది. ముతవల్లీ తన మొబైల్, ఈమెయిల్‌కు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్లి వివరాలు నింపుతాడు. ఇతను మేకర్. వక్ఫ్ బోర్డు తరఫున ఒకరు సరిచూస్తారు. ఇతను చెకర్. ఆ పైన ఇంకొకరు ఆమోదిస్తారు. ఇతను అప్రూవర్. బ్యాంకుల్లో పెద్ద మొత్తాలు కదిలేటప్పుడు వాడే పద్ధతే ఇది. ఒక్కరే అన్నీ చేయకూడదన్నది దీని వెనకున్న ఆలోచన. అప్పు రాసుకునేటప్పుడు రాసేవాడు వేరుగా ఉండాలని, సాక్షులూ ఉండాలని సూరా బఖరా చెప్పిన సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

అయితే ఈ మూడు తాళాలూ ముందు తలుపుకే. ప్రతి డేటాబేస్‌కూ వెనుక తలుపు ఒకటి ఉంటుంది. అది దొంగల కోసం పెట్టింది కాదు, మరమ్మతు కోసం పెట్టింది. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అనే ఉద్యోగి తన ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి, ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్‌ను చూస్తుంటాడు. ఎంతమంది లాగిన్ అయ్యారు, ఏ క్వెరీ ఇరుక్కుపోయింది, డిస్క్‌లో ఎంత జాగా మిగిలింది, బ్యాకప్ నడిచిందా లేదా, అన్నీ గ్రాఫుల్లో కనిపిస్తాయి. గడువు చివరి రోజుల్లో ఇలాంటి పోర్టళ్లు నత్తనడక నడిచినప్పుడు అడ్డుపడ్డ క్వెరీని ఆపేదీ, సర్వర్‌కు బలం పెంచేదీ ఇతనే. టోలీచౌకీలోనో మెహదీపట్నంలోనో రాత్రంతా మేలుకుని అమెరికా కంపెనీల డేటాబేస్‌లకు కాపలా కాసే కుర్రాళ్లు అనేక ఇళ్లలో ఉన్నారు. అదేమీ చిన్నాచితకా పని కాదు.

చిక్కల్లా ఒక్కటే. ఆ తెర మీద చూడటమే కాదు, మార్చడం కూడా సాధ్యం. పీజీఅడ్మిన్, పీహెచ్‌పీమైఅడ్మిన్ లాంటి ఉపకరణాల్లో పూర్తి అధికారంతో లాగిన్ అయినవాడు ఒక సర్వే నంబర్‌ను నేరుగా దిద్దగలడు. అతని ముందు మేకర్, చెకర్, అప్రూవర్ ఎవరూ నిలబడరు. దురుద్దేశం కూడా ఉండక్కర్లేదు. ఒక్క ఖబరస్తాన్ విస్తీర్ణం సరిచేయబోయి, ఏ వరుసలో మార్చాలో చెప్పే 'వేర్' షరతు రాయడం మరిచిపోయాడనుకోండి. ఆ పట్టికలో ఉన్న ప్రతి ఆస్తి విస్తీర్ణమూ అదే అంకెగా మారిపోతుంది. కంప్యూటర్ ఎందుకని అడగదు. చెప్పింది చేస్తుంది.

ఇలాంటి పొరపాట్లు పెద్ద కంపెనీల్లోనే జరిగాయి. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ ఇంజినీర్ ఒకరు దూరం నుంచి డేటాబేస్‌కు మరమ్మతు చేస్తూ, నకలు సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోనే డిలీట్ కమాండ్ ఇచ్చారు. తప్పు తెలిసి ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ కోసం పెట్టుకున్న పద్ధతులు అయిదు, అవసరానికి ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి ఉంది కాబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఆ కంపెనీ జరిగినదంతా దాచకుండా లోకానికి చెప్పింది. ప్రభుత్వ డేటాబేస్‌ల విషయంలో అంత నిజాయతీ ఆశించవచ్చా అంటే, తెలంగాణ అనుభవం చూసినవాళ్లు కాసేపు ఆలోచిస్తారు.

ఆ అనుభవం పేరు ధరణి. 2020 అక్టోబర్ 29న మొదలైన ఆ పోర్టల్‌తో భూరికార్డంతా తెర మీదకు వచ్చింది. అంతకుముందు పాస్‌బుక్‌లో తప్పు పడితే తహసీల్దార్ ఆఫీసుకెళ్లి మొత్తుకునే వీలుండేది. ధరణి వచ్చాక చాలాకాలం పాటు వివరాల్లో చిన్న తప్పుకు కూడా 'టీఎం 33' మాడ్యూల్‌లో దరఖాస్తు పెట్టి, కలెక్టర్ స్థాయిలో నిర్ణయం వచ్చేదాకా రైతు మీ-సేవ చుట్టూ తిరగాల్సి వచ్చింది. మరోవైపు, పలుకుబడి ఉన్నవాళ్ల భూముల వివరాలు గుట్టుగా మారిపోయాయన్న ఆరోపణలు ఎన్నికల సభల దాకా వెళ్లాయి. 2024 డిసెంబర్‌లో నిర్వహణను ప్రైవేటు సంస్థ నుంచి తప్పించి ఎన్‌ఐసీకి అప్పగించారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పేరు మారింది, చట్టం మారింది, నడిపేవాళ్లు మారారు. కానీ ఆరోపణల్లో నిజమెంతో తేల్చాలన్నా, అబద్ధమని కొట్టిపారేయాలన్నా ఆధారం ఒక్కటే. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి, ఏ గడిలో, పాత అంకె తీసి ఏ కొత్త అంకె పెట్టారన్న లాగ్. అది లేకపోతే మిగిలేది మాటలే.

వక్ఫ్ విషయంలో ఈ భయం ఇంకా ఎక్కువ. తెలంగాణలో బోర్డు లెక్కల ప్రకారమే 77 వేల ఎకరాల పైచిలుకు వక్ఫ్ భూముల్లో 57 వేల ఎకరాలకు పైగా ఆక్రమణల్లో ఉన్నాయి. కాగితంలో ఒక్క సర్వే నంబర్ జారిపోతే చాలు, ఆ స్థలంలో వెంచర్ వెలుస్తుంది. 2017 నవంబర్‌లో నాంపల్లి హజ్ హౌస్‌లోని బోర్డు రికార్డు గదులకు రెవెన్యూ అధికారులు సీలు వేశారు. అది మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెడితే, ఆ సీలు అందరికీ కనిపించింది. జనం ప్రశ్నించారు, పత్రికలు రాశాయి. డేటాబేస్‌లో మార్పు అలా కనిపించదు. తెల్లారి చూస్తే మూడెకరాలు ముప్పై గుంటలై ఉంటాయి, అంతే.

రికార్డు దిద్దుబాటు ఎంత బరువైనదో 2025 సెప్టెంబర్ 15 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు చూసినా అర్థమవుతుంది. ఒక ఆస్తి ప్రభుత్వానిదని అధికారి తేల్చి, రెవెన్యూ రికార్డులను దిద్దే వీలు కల్పించిన సెక్షన్లను కోర్టు నిలిపేసింది. హక్కు తేల్చేది ట్రిబ్యునల్, అధికారి కాదన్నది అందులోని సారం. అయితే అది చట్టం చెప్పిన దారిలో, సంతకం పెట్టి చేసే దిద్దుబాటు గురించి. సంతకమే అక్కర్లేని దిద్దుబాటుకు కూడా అంతే గట్టి కాపలా ఉండాలి కదా.

ఆ కాపలా ఎలా ఉండాలన్నది కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. బ్యాంకులు చేస్తున్నదే. అడ్మిన్ తెరను బహిరంగ ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. పాస్‌వర్డ్ కూడా లేకుండా అలా తెరిచి ఉంచిన వేలాది మోంగోడీబీ డేటాబేస్‌లను 2017 మొదట్లో దుండగులు ఖాళీ చేసి డబ్బు అడిగారు. మామూలు రోజుల్లో నిర్వాహకుడికి చూసే అధికారమే ఉండాలి. దిద్దాల్సి వస్తే రెండో మనిషి అనుమతితో, కొద్దిసేపటికి మాత్రమే ఆ అధికారం ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, లాగ్ అదే సర్వర్‌లో ఉండకూడదు. దిద్దినవాడే చెరిపేయగల లాగ్ ఉన్నా లేనట్టే.

ఇక్కడే పెద్ద లోటు ఒకటుంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలైనా సరే తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. సైబర్ దాడుల దర్యాప్తుకు ఆ గడువు సరిపోతుందేమో. వక్ఫ్ మాత్రం శాశ్వతం. నిజాం కాలపు మున్తఖబ్ చేతిలో పట్టుకుని ఇవాళ్టికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలున్నాయి. ఆ కాగితం తరాల పాటు సాక్ష్యం చెబుతుంటే, డేటాబేస్ సాక్ష్యం ఆరు నెలలకే చెరిగిపోతే ఎలా? వక్ఫ్ ఆస్తి వివరాల్లో జరిగే ప్రతి మార్పు చరిత్ర ఆస్తి ఉన్నంతకాలం ఉండాలి. బోర్డులు, జమాత్‌లు, ఎంపీలు గట్టిగా అడగాల్సింది దీన్నే. గడువు పొడిగింపు కోసం పెట్టిన శ్రమలో పావు వంతు దీనికి పెట్టినా సరిపోయేది.

ఈలోగా మసీదు కమిటీలు, ముతవల్లీలు చేసుకోదగ్గ పనులు ఉన్నాయి. ఆమోదం వచ్చిన ప్రతి ఆస్తి పేజీనీ తేదీతో సహా ప్రింట్ తీసి, పాత గెజిట్ కాపీ, మున్తఖబ్ ఉన్న ఫైల్లోనే పెట్టాలి. ఎకరాలు, గుంటలు చదరపు మీటర్లలోకి మారేచోట లెక్క ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. అసలు తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. రిజిస్టర్ చేసిన మొబైల్ నంబర్ ఎవరిదో కూడా కనుక్కోవాలి. అది నెట్ సెంటర్ అబ్బాయిదో, ఆ తర్వాత దుబాయ్ వెళ్లిపోయిన బంధువుదో అయితే ఓటీపీ వెళ్లేది అక్కడికే. మూడు నెలలకోసారి పేజీ తెరిచి, ప్రింట్ పక్కన పెట్టుకుని అంకెకు అంకె పోల్చుకోవాలి.

తేడా కనిపిస్తే నోటిమాటతో వదిలేయకూడదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్)లో 'సమాచారం' అన్న మాట కిందికి లాగ్‌బుక్‌లు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా కూడా వస్తాయి. పది రూపాయల ఫీజుతో, ఆస్తి నంబర్ రాసి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ ఎంట్రీలో ఏమేం మారాయి, ఎవరి లాగిన్‌తో మారాయి అని మంత్రిత్వ శాఖకు, రాష్ట్ర వక్ఫ్ బోర్డుకు విడివిడిగా దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. లాగ్‌ను 180 రోజులే ఉంచే పద్ధతి అక్కడ ఉంటే, తేడా కనిపెట్టడంలో ఆలస్యమైన ప్రతి నెలా ఆ ఆధారానికి గండమే.